కాలిబాట చక్రం
మన గూడేలకు సైకిలు ఎందుకు ఆలస్యంగా వచ్చింది?

నేను సైకిలు తొక్కడం నేర్చుకున్నది ఇరవై ఆరేళ్ల వయసులో. నేర్పింది నా దగ్గర నాలుగో తరగతి చదివే ఇద్దరు పిల్లలు. ఈ సంగతి చెప్పుకోవడానికి చాలా ఏళ్లు సిగ్గుపడ్డాను. ఇప్పుడు పడటం లేదు. ఎందుకు పడటం లేదో చెప్పడానికే ఈ వ్యాసం.

ఆదిలాబాద్ జిల్లా ఏజెన్సీలో ఒక చిన్న గూడెం బడికి నన్ను వేశారు. నేనొక్కణ్ణే పంతుల్ని. బస్సు దిగిన చోటి నుంచి బడికి ఏడు కిలోమీటర్లు. మధ్యలో రెండు వాగులు, ఒక గుట్ట. బడి తొమ్మిదింటికి మొదలు కావాలి. ఎనిమిదిన్నరకు బస్సు దిగి నడిస్తే చేరేసరికి పది దాటేది. సాయంత్రం ఆఖరి బస్సు ఐదింటికి. దాన్ని అందుకోవాలంటే మూడున్నరకే బడి వదలాలి. గూడెంలోనే ఉండిపోదామంటే ఇంటి దగ్గర మంచం పట్టిన నాన్న ఉన్నాడు. అలా రోజుకు రెండు గంటల చదువు నా నడకలోనే పోయేది.

ఒకరోజు ఆ గూడెం పట్లా, అంటే ఊరిపెద్ద, నన్ను చెట్టు కింద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి అడిగాడు. "సారూ, సర్కారు నీకు జీతం నడిచేటందుకు ఇస్తున్నదా, చదువు చెప్పేటందుకు ఇస్తున్నదా?" కోపంగా అనలేదు, ఎగతాళిగానూ అనలేదు. తెలుసుకుందామన్నట్టే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

తర్వాతి అంగడి రోజున పాత సైకిలు ఒకటి కొన్నాను. తొక్కడం రాదు గనక నడిపించుకుంటూ గూడేనికి తెచ్చాను. ఏడు కిలోమీటర్లూ దారిలో ఎదురైన ప్రతివాడూ ఒకటే మాట, "పంచరైందా సార్?" అవునని తలూపాను. బడి వెనక ఉన్న చదును నేల మీద, పిల్లలు వెళ్లిపోయాక, ఆ ఇద్దరు పిల్లల్ని చెరో పక్క పట్టుకోమని ఎక్కాను. మొదటి వారం మోచేయి, మోకాలు రెండూ పోయాయి. మూడో వారానికి వాగు దాకా తొక్కగలిగాను.

ఆశ్రమ పాఠశాలలో పదేళ్లు చదివాను, శిక్షణ పూర్తి చేశాను, ఉద్యోగం సంపాదించాను. పట్నంలో పదేళ్ల పిల్లవాడికి వచ్చిన పని మాత్రం నాకెందుకు రాలేదు? అప్పట్లో అది నా లోపం అనుకున్నాను. తర్వాత చరిత్ర చదివినకొద్దీ సంగతి వేరని అర్థమైంది.

మొదట్లో అందరూ పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్లే

సైకిలు చిన్నప్పుడు నేర్చుకునే విద్య అని మనమంతా అనుకుంటాం. కానీ సైకిలు పుట్టిన కాలంలో అది పెద్దవాళ్ల విద్య. ఎవరికీ చిన్నప్పుడు అది రాదు, ఎందుకంటే వాళ్ల చిన్నతనంలో సైకిలే లేదు.

జర్మనీలోని మాన్‌హైమ్ నగరంలో 1817లో కార్ల్ డ్రైస్ అనే అడవుల అధికారి ఒక కర్రబండి చేశాడు. ముందొక చక్రం, వెనకొక చక్రం, మధ్యలో కూర్చునే కర్ర. దానికి పెడళ్లు లేవు. కూర్చుని కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవాలి. అంటే అది కూర్చుని నడిచే నడక. 1860లలో పారిస్‌లో ముందు చక్రానికి పెడళ్లు బిగించారు. ఆ తర్వాత ముందు చక్రం మనిషి భుజమంత ఎత్తు పెరిగి, వెనక చక్రం చిన్నదైపోయింది. వేగం పెరిగింది గాని, పడితే మెడ విరిగేది. అందుకని అది వయసులో ఉన్న, డబ్బున్న మగవాళ్ల ఆటగానే మిగిలింది.

1885లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాల్నీ దాదాపు సమానం చేసి, చైనుతో వెనక చక్రాన్ని తిప్పే 'రోవర్' సైకిలు తయారు చేశాడు. ఈ రోజు మన గూడెంలో ఉన్న సైకిలు దాని మనవడే. 1888లో డన్‌లప్ అనే పశువుల డాక్టరు గాలి నింపిన రబ్బరు టైరుకు పేటెంటు తీసుకున్నాడు. చదును చక్రం, గాలి టైరు కలిశాక ముసలివాళ్లు, ఆడవాళ్లు కూడా ధైర్యంగా ఎక్కడం మొదలుపెట్టారు.

అప్పుడు జరిగింది చూడండి. రష్యా రచయిత టాల్‌స్టాయ్ 1895లో సైకిలు నేర్చుకున్నాడు. అప్పటికి ఆయనకు 65 దాటాయి. చిన్న కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న రోజులవి. తెల్ల గడ్డం ముసలాయన సైకిలెక్కడం ఏమిటని చుట్టూ ఉన్నవాళ్లు విస్తుపోయారు. ఆయన పట్టించుకోలేదు. అమెరికాలో మద్యపాన వ్యతిరేక ఉద్యమం నడిపిన ఫ్రాన్సెస్ విలర్డ్ 53 ఏళ్ల వయసులో నేర్చుకుని, ఎలా నేర్చుకున్నదీ 1895లో ఒక చిన్న పుస్తకమే రాసింది. తన సైకిలుకు గ్లాడిస్ అని పేరు పెట్టుకుంది. పెద్దవాళ్లకు సైకిలు నేర్పే బడులు ఆ రోజుల్లో ఐరోపా, అమెరికా నగరాల్లో మామూలు. ఫీజు కట్టి, గురువు నడుముకు కట్టిన పట్టీ పట్టుకుంటే, పెద్దమనుషులు అందరి ముందూ పడుతూ లేస్తూ నేర్చుకునేవారు.

అంటే పెద్దయ్యాక నేర్చుకోవడం వెనకబాటు కాదు. యంత్రం ఎవరి దగ్గరికి ఎప్పుడు చేరితే వాళ్లు అప్పుడు నేర్చుకుంటారు. టాల్‌స్టాయ్ దగ్గరికి 1895లో చేరింది. నా దగ్గరికి ఆ తర్వాత వందేళ్లకు చేరింది. తేడా తెలివిలో లేదు, చేరిన కాలంలో ఉంది. అందుకని మనం అడగాల్సిన ప్రశ్న, మన దగ్గరికి అంత ఆలస్యంగా ఎందుకు చేరిందని.

టైరు వెనక ఉన్న అడవి

ఆ ప్రశ్నకు పోయే ముందు ఇంకో సంగతి చెప్పాలి. సైకిలు ఆదివాసుల దగ్గరికి ఆలస్యంగా వచ్చింది గాని, సైకిలు కోసం ఆదివాసుల దగ్గరికి మాత్రం చాలా త్వరగా వచ్చారు.

గాలి టైరు వచ్చాక ఐరోపా, అమెరికాల్లో రబ్బరుకు విపరీతమైన గిరాకీ పుట్టింది. అప్పటికి రబ్బరు తోటలు చాలా తక్కువ. రబ్బరంతా అడవిలో తీగల నుంచి, చెట్ల నుంచి కారే పాలు. ఆఫ్రికాలోని కాంగోను బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ 1885 నుంచి 1908 వరకు సొంత ఆస్తిలా ఏలాడు. ఊరూరికీ ఇంత రబ్బరు తేవాలని లెక్క పెట్టాడు. తేలేని ఊళ్లలో ఆడవాళ్లను బందీలుగా పట్టుకున్నారు. మగవాళ్లను కొట్టారు, చంపారు, చేతులు నరికారు. చేతులు లేని పిల్లల ఫొటోలు చూసి ప్రపంచం ఉలిక్కిపడింది. చివరికి 1908లో రాజు చేతుల్లోంచి కాంగోను తీసుకున్నారు.

దక్షిణ అమెరికాలో అమెజాన్ అడవిలోని పుటుమాయో నది ఒడ్డున కూడా ఇదే జరిగింది. అక్కడి హుయిటోటో, బోరా ఆదివాసుల్ని ఒక రబ్బరు కంపెనీ కొరడాలతో అడవిలోకి తోలింది. 1910లో బ్రిటిష్ అధికారి రోజర్ కేస్‌మెంట్ వెళ్లి విచారించి ఆ ఘోరాన్ని బయటపెట్టాడు. తర్వాత మలయాలో రబ్బరు తోటలు పెరిగాయి. ఆ తోటల్లో పనికి తమిళులతో పాటు విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి తెలుగు కూలీలు కూడా ఓడలెక్కారు. వాళ్ల సంతతి ఇప్పటికీ మలేసియాలో ఉంది.

ఇదంతా ఎందుకంటే, సైకిలును పట్నపోళ్ల వస్తువు అని, మనకు దానితో పాత చుట్టరికం లేదని అనుకోవద్దు. ఆ చక్రం తిరగడానికి అడవి బిడ్డలు ముందే ఖరీదు కట్టారు. వాళ్లు కాంగోవాళ్లు, అమెజాన్‌వాళ్లు కావచ్చు. మనవాళ్ల లాంటివాళ్లే.

రోడ్డు వేరు, కాలిబాట వేరు

ఇక మన దగ్గరికి వద్దాం. మన చరిత్రలో రోడ్డుకు మంచి పేరు లేదు. విశాఖ మన్యంలో నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు వేయించడానికి బాస్టియన్ అనే తహసీల్దారు ఆదివాసుల్ని సరైన కూలి ఇవ్వకుండా పనిచేయించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొరలతో మొదలైన తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో ఈ రోడ్డు పని ఒకటి. రోడ్డు వేసింది మన చేతులు, రోడ్డు మీద వచ్చింది వాళ్ల బండ్లు.

నైజాం రాజ్యంలో ఉన్న మా ఆదిలాబాద్ వైపు కూడా అంతే. రోడ్డు పడిన చోటికి షావుకారు దుకాణం వచ్చింది, అప్పు చీటీ వచ్చింది, తర్వాత భూమి పోయింది. జంగ్లాత్ వాళ్ల జులుం మీద, భూమి కోసం కొమురం భీము పోరాడి 1940లో జోడెన్‌ఘాట్ దగ్గర ప్రాణం ఇచ్చాడు. ఆ తర్వాతే నైజాం సర్కారు గోండుల గోడు తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆదివాసుల భూమి ఇతరుల చేతికి పోకుండా 1917లో మద్రాసు రాజ్యంలో ఒక చట్టం, 1959లో ఆంధ్ర ఏజెన్సీకి ఒక రెగ్యులేషన్, 1963లో దాన్ని తెలంగాణ ఏజెన్సీకి విస్తరించడం, చివరికి 1970లో మనమంతా 1/70 అని పిలిచేది, ఇన్ని చేయాల్సి వచ్చిందంటేనే రోడ్డు వెంట ఏం వచ్చిందో అర్థం చేసుకోవచ్చు.

కాలిబాట అలా కాదు. గూడెం నుంచి గూడేనికి, గూడెం నుంచి చేనుకు, అంగడికి, నాగోబా జాతరకు మన కాళ్లు వేసుకున్న బాట అది. మనిషి వెనక మనిషి నడిచేంత వెడల్పు. ఎడ్లబండి పట్టదు, జీపు పట్టదు. చక్రమున్న బండ్లలో ఆ బాట మీద పట్టేది సైకిలు ఒక్కటే. దానికి డీజిలు వద్దు, లైసెన్సు వద్దు, డ్రైవరు వద్దు. తొక్కేది మన కాళ్లే, పోయేది మన బాటే. రోడ్డు పరాయివాణ్ణి మన దగ్గరికి తెచ్చింది. సైకిలు మనల్ని బయటికి తీసుకుపోగల యంత్రం.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. వియత్నాంలో 1954లో దియన్ బియన్ ఫూ దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని ఓడించినప్పుడు, కొండ బాటల మీద బియ్యం, మందుగుండు మోసినవి వేల కొద్దీ సైకిళ్లే. సీటు తీసేసి, హ్యాండిలుకు వెదురు కట్టి, ఒక్కో దాని మీద రెండు వందల కిలోలకు పైగా ఎక్కించి నెట్టుకుంటూ పోయారు. ఆ కొండల్లో ఉండే థాయ్, హ్మాంగ్ వంటి తెగలవాళ్లు కూడా ఆ మోతలో ఉన్నారు. లారీలు పోలేవని ఫ్రెంచివాళ్లు ధీమాగా ఉన్న చోటికి సైకిళ్లు పోయాయి. ఈ రోజుకూ జార్ఖండ్‌లో పేదవాళ్లు బొగ్గు బస్తాలు సైకిలుకు కట్టుకుని మైళ్ల కొద్దీ నెట్టుకుపోవడం చూడొచ్చు. వాళ్లు దాన్ని తొక్కరు, బండిలాగా తోలతారు.

కొనాలంటే ఏం కావాలి?

మన దేశానికి సైకిళ్లు మొదట ఇంగ్లండ్ నుంచి ఓడల్లో వచ్చాయి. రాలీ, హంబర్, బీఎస్‌ఏ, హెర్క్యులస్ లాంటి పేర్లు పాతవాళ్లకు తెలుసు. స్వాతంత్య్రం వచ్చాక ఇక్కడే తయారు కావడం మొదలైంది. మద్రాసులో టీఐ సైకిల్స్ 1949లో మొదలైంది. సోనీపత్‌లో అట్లాస్, ఆసన్‌సోల్‌లో సేన్-రాలీ ఆ వెంటనే వచ్చాయి. 1956లో లూథియానాలో హీరో వచ్చింది. నల్లరంగు, గట్టి క్యారియరు, 28 అంగుళాల చక్రాలు ఉన్న ఆ సైకిలే పల్లెల్లో పాలు మోసింది, ఉత్తరాలు మోసింది, కొత్త పెళ్లికూతుర్ని మోసింది. పల్లెల్లో అల్లుడు కట్నంలో గడియారం, రేడియో, సైకిలు అడిగే రోజులు కూడా వచ్చాయి.

మరి గూడెంలోకి ఎందుకు రాలేదు? మా తాత చెప్పిన మాటల్లోంచి నాకు మూడు కారణాలు కనిపించాయి.

మొదటిది డబ్బు. పంట లేకపోవడం వల్ల కాదు, చేతిలో నగదు లేకపోవడం వల్ల. ఇప్పపువ్వు, చిరోంజి, బంక, పత్తి అన్నీ అంగడికి పోయేవి. తిరిగి వచ్చేది ఉప్పు, నూనె, గుడ్డ. మిగిలింది అప్పు కింద జమ. సైకిలు లాంటి వస్తువు కొనాలంటే ఒక్కసారి రొక్కం కావాలి, లేదా కిస్తుల మీద ఇచ్చే దుకాణదారుకు పూచీ పడే మనిషి కావాలి. మనకు ఆ రెండూ లేవు. అందుకే నెల జీతం వచ్చే ఇంట్లోకే సైకిలు ముందు వచ్చింది. 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ మొదలైంది. సర్కారు జీతం మనవాళ్ల చేతికి రావడానికి దారి వేసిన వాటిలో అదొకటి. ఒక గూడెంలో బడి, జీతం, సైకిలు ఒకదాని వెంట ఒకటి రావడం అందుకే.

రెండోది, నేర్చుకునే చోటు లేకపోవడం. పట్నంలో పిల్లవాడికి సొంత సైకిలు అక్కర్లేకపోయేది. గంటకింత అని కిరాయి సైకిళ్లు ఇచ్చే దుకాణం ఉండేది. మడ్‌గార్డు మీద నంబరు రాసి ఉన్న సైకిలు తీసుకుని, సీటు అందకపోతే పైపు కింద నుంచి కాలు దూర్చి కాంచి తొక్కేవాడు. అరగంట డబ్బులతో సగం విద్య వచ్చేసేది. మనవాడు అంగడికి వచ్చి కిరాయి సైకిలు అడిగితే, "నువ్వెవరి మనిషివి? ఎవరు పూచీ?" అని అడిగేవారు. ఆశ్రమ పాఠశాలలో మేం రెండు వందల మంది పిల్లలం ఉండేవాళ్లం. సైకిలు ఒక్కటే ఉండేది, అది వార్డెన్‌ది. దాన్ని తుడిచే పని మాది.

మూడోది భయం, అవమానం. తెలంగాణ పల్లెల్లో దొర గడీ ముందు నుంచి పోయే కింది కులాలవాళ్లు సైకిలు దిగి, చెప్పులు చేత పట్టుకుని నడవాల్సి వచ్చేది. దళితులు ఈ అవమానాన్ని ఎక్కువగా మోశారు. పట్టణాల్లో మరో రకం. అప్పట్లో సైకిలుకు మునిసిపాలిటీ పన్ను బిళ్ల ఉండాల్సి వచ్చేది, రాత్రయితే దీపం ఉండాల్సి వచ్చేది, ఇద్దరెక్కితే జుర్మానా వేసేవారు. ఈ నియమాలు అందరికీ ఒకటే, కానీ తెలుగు సరిగా రాని గోండు మనిషిని ఆపినంత తేలిగ్గా ఇంకొకణ్ణి ఆపేవారు కాదు. మా తాతకు సొంత సైకిలు కొనే అవకాశం ఒకసారి వచ్చిందట, పత్తి బాగా పండిన ఏడు. "ఎందుకు కొనలేదు తాతా?" అని అడిగితే ఒక్క మాటన్నాడు. "దొంగతనం చేసినవా అని అడుగుతరు బిడ్డా."

నేను ఎంతో ఆలోచించినా ఇంతకన్నా మంచి చరిత్ర పాఠం నాకు కనిపించలేదు. వస్తువు కొనగలగడం వేరు. కొన్న వస్తువు నీదేనని నలుగురూ నమ్మడం వేరు.

ఆడవాళ్లు ఎక్కినప్పుడు

ఈ మూడు అడ్డంకులూ ఆడవాళ్లకు రెట్టింపు. డబ్బు వాళ్ల చేతిలో ఉండదు, నేర్చుకోవడానికి బయటికి పోనివ్వరు, ఎక్కితే నవ్వుతారు. పైగా మగవాళ్ల సైకిలుకు ఉన్న పైపు చీరకు అడ్డం.

వీటిని దాటిన ఉదాహరణ మన పక్క రాష్ట్రంలోనే ఉంది. తమిళనాడులోని పుదుక్కోట్టై పేద జిల్లా. 1991లో అక్కడ 'అరివొళి ఇయక్కం' అనే అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. అప్పటి కలెక్టర్ షీలారాణి చుంకత్ చదువుతో పాటు సైకిలు తొక్కడాన్ని కూడా ఆ ఉద్యమంలో కలిపారు. ఆడవాళ్లకు సైకిలు అప్పులివ్వమని బ్యాంకుల వెంట పడ్డారు. కూలీలు, క్వారీ పనివాళ్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, బడి పంతులమ్మలు సాయంత్రాలు ఖాళీ స్థలాల్లో చేరి ఒకరికొకరు నేర్పుకున్నారు. లక్ష మందికి పైగా నేర్చుకున్నారు. 1992 మహిళా దినం నాడు 1,500 మందికి పైగా ఆడవాళ్లు హ్యాండిళ్లకు జెండాలు కట్టుకుని, బెల్లులు మోగిస్తూ పుదుక్కోట్టై వీధుల్లో సైకిళ్ల ఊరేగింపు తీశారు. జర్నలిస్టు పి. సాయినాథ్ దీని గురించి వివరంగా రాశారు.

అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి ఉంది. ఆడవాళ్ల సైకిళ్లు దుకాణాల్లో అయిపోతే, వాళ్లు ఆగలేదు. మగవాళ్ల సైకిళ్లే కొన్నారు. కొందరు ఆ తర్వాత కూడా అవే బాగున్నాయన్నారు. ఎందుకంటే అడ్డం అనుకున్న ఆ పైపు మీద చంటిపిల్లను కూర్చోబెట్టుకోవచ్చు.

సరిగ్గా ఆ ఏళ్లలోనే మన నెల్లూరు జిల్లాలో కూడా అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. దూబగుంట ఆడవాళ్లు రాత్రి బడిలో చదువుకుంటూ సారా దుకాణం మీదికి లేచారు. అది రాష్ట్రమంతా పాకింది. ఒక చోట చదువు సారాను తరిమింది, ఇంకో చోట సైకిలెక్కించింది. రెండు చోట్లా నేర్చుకున్నది పెద్దవాళ్లే.

తర్వాత ప్రభుత్వాలు బడిపిల్లల దాకా వచ్చాయి. బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బిచ్చారు. దాని మీద పరిశోధన చేసినవాళ్లు, హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య మూడో వంతు దాకా పెరిగిందని, హైస్కూలు మూడు కిలోమీటర్లకు మించి దూరం ఉన్న ఊళ్లలో ఫలితం ఎక్కువగా కనిపించిందని తేల్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 'బడికొస్తా' పేరుతో ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు. మంచి పనులే. కానీ ఆ పిల్లల తల్లుల సంగతి ఏమిటి? గూడేల మధ్య తిరిగే ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ ఆయా, అంగడికి ఇప్పపువ్వు గంప నెత్తిన పెట్టుకుపోయే ఆడమనిషి, వీళ్లంతా నడుస్తూనే ఉన్నారు. నలభై ఏళ్ల మనిషికి ఇప్పుడు సైకిలు ఎందుకులే అనేది మనమే. టాల్‌స్టాయ్‌ను అన్నట్టే.

ఇప్పుడు నేర్చుకోవాలనుకునేవాళ్లకు

నాకు నేర్పిన పిల్లలు నన్ను పట్టుకుని తోశారు. అది తప్పు పద్ధతి, అందుకే అంతగా పడ్డాను. తర్వాత మా బడిలో వంట చేసే అక్కకు నేర్పినప్పుడు వేరే పద్ధతి పట్టాను. 1817 నాటి పద్ధతి.

సీటు బాగా దించాలి, కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. పానతో రెండు పెడళ్లూ విప్పేయాలి. ఎడమ పెడలు మర మాత్రం ఎదురు వైపు తిరుగుతుంది, గుర్తుంచుకోవాలి. ఇప్పుడు అది కార్ల్ డ్రైస్ చేసిన కర్రబండి అయిపోయింది. కూర్చుని నడవాలి. తర్వాత పెద్ద అంగలు వేయాలి. కొద్దిగా వాలు ఉన్న చోట రెండు కాళ్లూ ఎత్తి జారాలి. చూపు ముందు చక్రం మీద కాదు, దూరంగా ఉన్న చెట్టు మీద పెట్టాలి. ఎటు ఒరిగితే హ్యాండిలు అటే కొద్దిగా తిప్పాలి. బ్రేకు పట్టడం ఇక్కడే అలవాటు కావాలి. బరువు నిలవడం వచ్చాక పెడళ్లు బిగించుకోవచ్చు. పక్కన పట్టుకునేవాళ్లు అక్కర్లేదు, నవ్వేవాళ్లు ఉన్నా నష్టం లేదు.

కొనేటప్పుడు కొత్తదే కావాలని పట్టు పట్టొద్దు. పాతదైతే చక్రం ఎత్తి తిప్పి చూడాలి. రిమ్ము బ్రేకు కట్టలకు ఒకవైపే రాసుకుంటే బెండు తీయించాలి. ఫ్రేము అతుకుల దగ్గర పగులు ఉంటే ఎంత చవకైనా వద్దు. తన ఎత్తుకు మించిన సైకిలు మొదటిసారి కొనొద్దు. పంచరు సొల్యూషన్, పంపు, ఒక పాన ఇంట్లో ఉండాలి, ఎందుకంటే మన బాటల మీద పంచరు దుకాణాలు లేవు.

మా అక్క తొమ్మిది రోజుల్లో నేర్చుకుంది. ఆమెకు అప్పుడు నలభై రెండు.

మీ గూడెం మొదటి సైకిలు ఎవరిది?

రాజుల గుర్రాల పేర్లు చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. అధికారులు ఏ దారిన వచ్చారో గెజిటీర్లలో ఉంది. మన గూడెంలోకి మొదటి సైకిలు ఎప్పుడు వచ్చిందో ఏ పుస్తకంలోనూ లేదు. అది రాయాల్సింది మనమే. రాయడానికి ఇదే సమయం, ఎందుకంటే చెప్పగలిగిన పెద్దలు ఇంకా కొందరు ఉన్నారు.

పంతుళ్లకు నా మనవి ఇది. ఏడో తరగతి పైన పిల్లలకు ఈ పని ఇవ్వండి. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఐదు ప్రశ్నలు అడగమనండి. గూడెంలో మొదటి సైకిలు ఎవరు కొన్నారు? డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు నేర్పారు? దాని మీద మొదట మోసింది ఏమిటి? ఆడవాళ్లలో మొదట ఎక్కింది ఎవరు? ఏ సంవత్సరమో పెద్దలు చెప్పలేరు. "ఇంద్రవెల్లి కాల్పులకు ముందా, తర్వాతా?" అని అడగమనండి. 1981 ఏప్రిల్ 20 ఎవరూ మరిచిపోరు. అలాగే పెద్ద కరువుకు ముందా, బడి పెట్టాకా, పెద్దకొడుకు పుట్టాకా అని అడిగితే సంవత్సరం దగ్గరికి వస్తుంది. గోండి, కొలామీ, కోయ, ఏ భాషలో చెప్తే ఆ భాషలోనే ముందు రాసుకుని తర్వాత తెలుగులో పెట్టమనండి.

మా బడిలో ఈ పని చేయించినప్పుడు ఒక పిల్ల తన నానమ్మ చెప్పిన సంగతి రాసుకొచ్చింది. ఆ గూడెంలో మొదటి సైకిలు మొదటిసారి మోసింది బియ్యమూ కాదు, పత్తీ కాదు. పురుటి నొప్పులు పడుతున్న ఒక ఆడమనిషిని క్యారియరు మీద కూర్చోబెట్టి, ఇద్దరు రెండు పక్కల పట్టుకుని, వాగు దాటించి రోడ్డు దాకా నెట్టుకుపోయారట. అప్పుడు పుట్టినవాడే ఆ పిల్ల తండ్రి. ఆ సైకిలు కొన్నవాడికి అప్పటికి తొక్కడం రాదట. నాలాగే, నడిపించుకుంటూ తెచ్చాడట.